తలుపు మూసి వాయించిన ముప్పై ఏళ్లు

ప్రశ్న

నాకు యాభై తొమ్మిదేళ్లు. మాది కదిరి. మా మేనమామకు అక్కడ రేడియో రిపేరు దుకాణం ఉండేది. నా సెలవులన్నీ ఆయన బల్ల పక్కనే గడిచాయి. ఒక రాత్రి బాగుచేసిన సెట్టును పరీక్షించడానికి షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పుతుంటే వాయిస్ ఆఫ్ అమెరికా తగిలింది. ఎవరో నిదానంగా, నాలాంటి తెలుగు మీడియం పిల్లవాడికి కూడా నాలుగు మాటలు అందేటట్టు మాట్లాడారు. ఆ వెంటనే గిటార్. అది జాజ్ అనీ, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే అమెరికా సంగీతమనీ, ఆ గొంతు విల్లిస్ కోనోవర్‌దనీ చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రోజు పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదలలేదు.

ఎలక్ట్రానిక్స్ చదివి, బెంగళూరులో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో చేరాను. ముప్పై నాలుగేళ్లుగా పవర్ సప్లైల డిజైన్ నా పని. రోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని గిటార్ వాయిస్తాను. ఫోనులోని యాప్ బేస్, డ్రమ్స్ వినిపిస్తుంది, దాని మీద నేను వాయిస్తాను. నాలుగు గిటార్లు ఉన్నాయి, ఏడు ఆంప్లిఫయర్లు ఉన్నాయి. వాటిలో ఐదు నేను కట్టినవే, ఎస్.పి. రోడ్డులో దొరికిన పాత బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులతో. ఎవరి ముందూ ఏనాడూ వాయించలేదు.

వచ్చే మార్చిలో రిటైరవుతున్నాను. ఒక ప్రైవేటు కంపెనీ మూడేళ్లు కన్సల్టెంటుగా రమ్మంటోంది. మా ఆవిడ చేరమంటోంది. 'ముప్పై ఏళ్లుగా రాత్రుళ్లు ఆ గది తలుపు మూసే ఉంది, ఇక పగలు కూడా మూస్తారా' అంటుంది. నాకేమో ఉద్యోగం నా సంగీతాన్ని మింగేసిందనిపిస్తోంది. ఇరవై ఏళ్లప్పుడే ధైర్యం చేసి ఉంటే? ఇప్పుడు ఎడమ చేతి ఉంగరపు వేలు పొద్దున లేవగానే బిగుసుకుపోతోంది, చెవిలో సన్నని కూత. నేను సంగీతకారుణ్ణా, లేక గిటార్ పట్టుకోవడం వచ్చిన ఇంజినీరునా? మిగిలిన కాలమైనా గిటార్‌కే అంకితం కావాలా?

– పేరు వద్దు, బెంగళూరు

జవాబు

ముందు చెవి సంగతి చూద్దాం, తాత్త్విక ప్రశ్నలు ఎక్కడికీ పారిపోవు. ఈ వారంలోనే చెవి డాక్టరు దగ్గరకు వెళ్లి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి. డెసిబెల్ లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే ఇంజినీర్లు తమ లెక్కలను తమ ఒంటి దగ్గరకు రానివ్వరు. 85 డెసిబెల్ల చప్పుడుకు రోజుకు ఎనిమిది గంటలు హద్దు అంటారు. ఆపైన మూడు డెసిబెల్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర మిగిలేది ఒక్క గంట. మీరు గంటన్నర వాయిస్తున్నారు, హెడ్‌ఫోన్‌లో, ముప్పై ఏళ్లుగా. వేలిని కూడా డాక్టరుకు చూపించండి, పనిలో పనిగా రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. వేళ్లు పట్టేయడానికీ మధుమేహానికీ దగ్గరి చుట్టరికం ఉంది. అందాకా గిటార్‌కు ఒక సైజు సన్న తీగలు వేయండి. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రెండు వేళ్లతో వాయించలేదా అని మీరు అడగబోతున్నారని తెలుసు. 1928లో నిప్పంటుకుని అతని ఎడమ చేతి రెండు వేళ్లు చచ్చుబడిపోయిన మాట నిజమే. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. మీకు యాభై తొమ్మిది. డాక్టరు దగ్గరకే వెళ్లండి.

ఇప్పుడు ఉత్తరంలోకి వస్తాను. ఉద్యోగం నా సంగీతాన్ని మింగేసింది అన్నారు. మీరు రాసిన మొదటి పేరానే దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. జాజ్ మీ చెవిన పడింది గుడిలోనో కచేరీలోనో కాదు, మేనమామ బల్ల మీద విప్పి పెట్టిన సెట్టులోంచి. కోనోవర్ 1955లో మొదలుపెట్టి 1996లో చనిపోయేదాకా ఆ జాజ్ కార్యక్రమం నడిపారు. అమెరికాలో చాలామందికి ఆయన పేరే తెలియదు, ఎందుకంటే ఆ ప్రసారాలు వాళ్ల కోసం చేసినవి కావు. ఆయన శ్రోతలు మాస్కోలో ఉన్నారు, వార్సాలో ఉన్నారు, కదిరిలో ఒక కుర్రవాడు ఉన్నాడు. ఆయనను పట్టుకోవాలంటే షార్ట్‌వేవ్ సెట్టు కావాలి, అది పాడైతే బాగుచేసే మనిషి కావాలి. మీ బతుకులో టంకం వాసన లేకపోతే జాజ్ కూడా లేదు. ఒకే డబ్బాలోంచి వచ్చిన రెండింటిని అన్నదమ్ముల ఆస్తి తగాదాలోకి దింపకండి.

ఇక ఇరవై ఏళ్లప్పటి ధైర్యం. ఆ ధైర్యం చేసినవాళ్లు లేకపోలేదు. కార్ల్‌టన్ కిట్టో 1942లో మీరున్న బెంగళూరులోనే పుట్టాడు. రికార్డులు విని విని గిటార్ నేర్చుకున్నాడు, కలకత్తా చేరాడు, హోటళ్లలో వాయిస్తూ, వచ్చినవాళ్లకు పాఠాలు చెబుతూ 2016లో కన్నుమూసేదాకా జాజ్‌నే పట్టుకున్నాడు. అది ఘనమైన జీవితం. సులువైన జీవితమైతే కాదు. మీరు ఆ దారిన వెళ్లి ఉంటే ఏమయ్యేవారో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. చెప్పలేని దాన్ని పట్టుకుని రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకోవడం మాత్రం మీ వయసుకు తగదు.

ఉద్యోగం చేస్తూ వాయించినవాళ్ల పేర్లలో మీకు బాగా తెలిసే ఉంటుంది, గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ. ఇండియానాపోలిస్‌లో రేడియో విడిభాగాల ఫ్యాక్టరీలో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా పని. రాత్రి తొమ్మిది నుంచి రెండు దాకా ఒక క్లబ్బు, అక్కణ్ణుంచి తెల్లవారుజాము దాకా ఇంకొకటి. ఇంటినిండా పిల్లలు. రాత్రి సాధనలో చప్పుడు కాకూడదని మీటు పక్కన పెట్టి బొటనవేలితో వాయించాడు, చివరికి ఆ మెత్తని నాదమే అతని సంతకమైంది. 1959లో శాక్సోఫోన్ వాయించే కానన్‌బాల్ ఆడర్లీ విని రికార్డు కంపెనీకి చెప్పేనాటికి అతనికి ముప్పై ఆరేళ్లు. ఈ కథ చెప్పి మిమ్మల్ని ఓదార్చడం నాకు చాలా సులువు. ఉద్యోగం అడ్డు కాదు, చూశారా అనేసి ఉత్తరం ముగించవచ్చు. కానీ ఈ కథను ఇంకోసారి చదవండి. అతనికీ మీకూ ఫ్యాక్టరీ సమానమే. రాత్రి తొమ్మిది తర్వాతే తేడా వస్తోంది. అతని పక్కన మనుషులున్నారు. అన్న మాంక్ బేస్ వాయించేవాడు, తమ్ముడు బడ్డీ పియానో. మీ పక్కన ఫోను ఉంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఇదే: 'ఎవరి ముందూ ఏనాడూ వాయించలేదు.' దాన్ని మీరు గిటార్ల లెక్కకూ ఆంప్లిఫయర్ల లెక్కకూ చివర తగిలించి వదిలేశారు. నాకైతే మొత్తం రోగం అక్కడే కనిపించింది. మీకు పోయింది ఉద్యోగం వల్ల కాదు, ఒంటరిగా వాయించడం వల్ల. వీణ ఒంటరిగా వాయించుకుంటూ బతకవచ్చు. పూజగదిలో కూర్చుని ఆలాపన చేసుకునేవాళ్లు నాకు తెలుసు, వాళ్లకు ఏ లోటూ లేదు. జాజ్‌కు ఆ వీలు లేదు. అక్కడ ఇంకొక మనిషి జవాబివ్వకపోతే అసలు సంగతే మొదలు కాదు.

మన అవధానం చూడండి. అవధాని గొప్పతనం ఛందస్సు తెలియడంలో లేదు, అది ఇంటి దగ్గర నేర్చుకోవచ్చు. సభలో నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికి అడ్డు తగులుతుంటాడు. అవధాని 'శ్రీ' అనగానే వచ్చే అక్షరం ఏమిటో ఊహించి అది వద్దంటాడు. అవధాని అప్పటికప్పుడు వేరే సందులోంచి దూరి, గణం చెడకుండా, యతి తప్పకుండా, అర్థం పోకుండా పాదం ముగిస్తాడు. అంతలో అప్రస్తుత ప్రసంగి మీ ఇంట్లో కూరేమిటని అడుగుతాడు. జాజ్ గిటారిస్టు చేసేది అచ్చంగా ఇదే. పాట చట్రం ముప్పై రెండు బార్లు, అంటే తాళంలో సమానమైన ముక్కలు, అది ఛందస్సు. ఏ బారులో ఏ కార్డ్, అంటే కలిపి మోగించే ఏ స్వరాల గుత్తి అన్నది గణాల లెక్క. పియానో మనిషి మీరు వెళ్లబోయే స్వరం మీద ముందే కూర్చుంటాడు, మీరు ఇంకో దారి వెతుక్కోవాలి. డ్రమ్ముల మనిషి సాక్షాత్తూ అప్రస్తుత ప్రసంగి. పృచ్ఛకులు లేని అవధానం మీరు ఎక్కడైనా చూశారా? గదిలో తలుపేసుకుని, ప్రశ్నలు తానే వేసుకుని, జవాబులు తానే చెప్పుకుని, చివర్లో తన చప్పట్లు తానే కొట్టుకునే అవధానిని ఏమంటాం?

ఫోను మిమ్మల్ని ఏమీ అడగదు. మీరు పరుగెత్తినా అది పరుగెత్తదు, మీరు తడబడితే ఆగదు, మీరు అద్భుతంగా ఒక వాక్యం వాయించినా దానికి తెలియదు. మీ వృత్తిలోంచే అడుగుతాను. లోడ్ పెట్టకుండా పవర్ సప్లైని పాస్ చేస్తారా? లోడ్ లేనప్పుడు ఏ బోర్డయినా చక్కగా పన్నెండు వోల్టులు చూపిస్తుంది. ఆంపియర్లు లాగడం మొదలుపెట్టాక తెలుస్తుంది అది నిలబడుతుందో, కుంగుతుందో, పొగ వస్తుందో. నేను సంగీతకారుణ్ణా అని అడిగారు. ముప్పై ఏళ్లుగా బల్ల మీద ఉన్న ఆ బోర్డును ఇంతవరకూ ఎవరూ లోడ్ పెట్టి చూడలేదు. కాబట్టి నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలుసుకునే పద్ధతి ఒక్కటే ఉంది.

ఏడు ఆంప్లిఫయర్ల గురించి కూడా ఒక మాట. మీకు కోపం వచ్చినా సరే. ఎలక్ట్రానిక్స్ తెలిసిన గిటారిస్టుకు దాక్కోవడానికి మంచి చోటు సోల్డరింగ్ ఐరన్. స్వరం సరిగా రాకపోతే కెపాసిటర్ మార్చవచ్చు. చేయి కదలని రోజు ట్రాన్స్‌ఫార్మర్ మార్చవచ్చు. ఎనిమిదో ఆంప్లిఫయర్ పూర్తయ్యేదాకా బయట వాయించడం వాయిదా వేయవచ్చు. లియో ఫెండర్ ప్రపంచానికి గిటార్లూ ఆంప్లిఫయర్లూ ఇచ్చాడు, ఆయనకు గిటార్ వాయించడం రాదు. ఆయనది రేడియో రిపేరు దుకాణం, మీ మేనమామలాగే. చేసిన ప్రతి నమూనానూ వాయించేవాళ్ల చేతుల్లో పెట్టి, వాళ్లు తిట్టింది విని మార్చేవాడు. వాయించడం రాని మనిషే సంగీతకారుల మధ్య బతికాడు. వాయించడం వచ్చిన మీరు ఒక్కరి మధ్యా లేరు. ఇది నాకు మింగుడుపడలేదు.

ఇక ఏం చేయాలో చెబుతాను. ఇద్దరు మనుషులను వెతకండి. ముగ్గురు వద్దు, వేదిక వద్దు, యూట్యూబ్ వద్దు. ఒక బేస్, ఒక లయ. వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ లాంటి చోట జాజ్ కచేరీలు జరుగుతాయి. వెళ్లి వినండి, కానీ అక్కడి నుంచి వచ్చి మళ్లీ తలుపు వేసుకునేటట్టయితే టికెట్ డబ్బులు దండగ. అంతకంటే దగ్గర్లో చూడండి. ప్రభుత్వ రంగ సంస్థలో ముప్పై నాలుగేళ్లు చేశారు. గణేశ చవితికీ కన్నడ రాజ్యోత్సవానికీ స్టేజీ ఎక్కే ఆర్కెస్ట్రాలు మీ సంస్థ చుట్టూ లేకుండా ఉండవు. వాటిలో బేస్ గిటార్ పట్టుకునే కుర్రవాడు ఒకడు తప్పక ఉంటాడు, రాత్రంతా సినిమా పాటలు వాయించి విసిగిపోయి. అసలు మీరు గిటార్ వాయిస్తారని ఆఫీసులో ఎవరికైనా తెలుసా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. చర్చిల్లో వాయించేవాళ్లను అడగండి. వాద్యాల దుకాణంలో చీటీ అంటించండి. డ్రమ్ముల మనిషి దొరకకపోతే మృదంగం నేర్చుకున్న పిల్లనో పిల్లవాణ్ణో పిలవండి. చిన్నచూపు చూడకండి. బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ బృందం, గాయని ఆర్.ఎ. రమామణి, శాక్సోఫోన్ వాయించే చార్లీ మారియానో కలిసి 1983లో చేసిన రికార్డు ఇప్పటికీ వినసొంపుగా ఉంటుంది. నాలుగు బార్లు నీవి, నాలుగు నావి అని పంచుకోవడం తని ఆవర్తనంలో, అంటే కచేరీలో లయవాద్యాలు వంతులవారీగా వాయించే ఘట్టంలో పెరిగినవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

మొదటి రోజు పన్నెండు బార్ల బ్లూస్ చాలు. ఒక్క ఆంప్లిఫయర్ పట్టుకెళ్లండి, స్క్రూడ్రైవర్ ఇంట్లో పెట్టి వెళ్లండి. అవతలివాళ్ల ఆంప్లిఫయర్ గరగరలాడుతుంటే మీ చేతులు దురద పెడతాయి. ఓర్చుకోండి, లేకపోతే వాయించడానికి వెళ్లి రిపేరు మనిషిగా మిగిలిపోతారు. ఆ రోజు సోలో జోలికి పోకుండా, బేస్ వెనక కార్డ్స్ మాత్రం వేయండి. అరగంట గడవకముందే ఏడో బారులో ఉన్నారో తొమ్మిదిలో ఉన్నారో తెలియక దారి తప్పుతారు. ఇన్ని వేల గంటల సాధన చేసిన నేను ఇంత చిన్నదాంట్లో తప్పానేమిటని ఇంటికొచ్చి తలపట్టుకుంటారు. తప్పకుండా తప్పుతారు, ఎందుకంటే మనిషి వాయించే లయ ఊపిరి తీసుకుంటుంది, దానికి మీరు ఇంకా అలవాటు పడలేదు. నాలుగో వారం దాకా వెళ్లి, అప్పుడు నాకు మళ్లీ రాయండి. 1941లో న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ క్లబ్బులో పని ముగించుకున్న వాద్యకారులు అర్ధరాత్రి దాటాక చేరి ఒకరినొకరు సతాయించుకుంటూ వాయించేవారు. గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ అక్కడ వాయించినవాడే. జాజ్ దారి మార్చిన ఆ రాత్రుల్లో కొన్ని ఈరోజు మనం వినగలుగుతున్నామంటే కారణం ఒక కాలేజీ కుర్రవాడు మోసుకొచ్చిన డిస్క్ రికార్డర్. ఎలక్ట్రానిక్స్ మనిషికి అక్కడ కూడా చోటుంది చూడండి. కాకపోతే అతను క్లబ్బులో కూర్చున్నాడు, ఇంట్లో కాదు.

కన్సల్టెంటు ఉద్యోగం విషయం చిన్నది, అనవసరంగా పెద్దది చేశారు. వారానికి మూడు రోజులకు, ఏడాదికి ఒకసారి ఒప్పందం మార్చుకునేటట్టు ఒప్పుకుంటే చేరండి, లేకపోతే వద్దు. పీఎఫ్, గ్రాచ్యుటీ, ఇంటి ఖర్చు ఒక పుస్తకంలో రాసుకుని ఆవిడతో కలిసి కూర్చుంటే ఒక సాయంత్రంలో తేలిపోతుంది. మూడు రోజులు ఎందుకంటున్నానో నా అనుభవం చెబుతాను. రిటైరైన మొదటి నెలలో నేను రోజుకు నాలుగు గంటలు వయొలిన్ సాధన అని కాగితం మీద రాసి గోడకు అతికించాను. పదకొండో రోజుకల్లా వయొలిన్ పెట్టెను చూస్తే హాజరుపట్టీ గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల లోటునంతా తీర్చమని ఒక వాద్యం మీద మోపితే అది ముడుచుకుపోతుంది. అంకితం అనే మాట పుస్తకం మొదటి పేజీకి బాగుంటుంది.

చివరగా మీ ఆవిడ. ఆవిడ మాటను మీరు ఉద్యోగంలో చేరమనే ఒత్తిడిగా చదువుకున్నారు. నేను వేరేలా చదివాను. ఆవిడ గిటార్ ఆపమనలేదు. ఆ చప్పుడు భరించలేనని కూడా అనలేదు. పాపం, హెడ్‌ఫోన్ పుణ్యమా అని ఆవిడకు ఆ చప్పుడు ఎప్పుడైనా వినిపించిందా? తలుపు మూసి ఉంది అంది, అంతే. మీరు ఏం వాయిస్తారో ఈ లోకంలో తెలియనివాళ్లలో ఆవిడ కూడా ఒకరు.

జాజ్ వాళ్లు పదేపదే వాయించే పాటల్లో చాలావరకు 1920, 30, 40ల నాటి అమెరికా నాటకాల పాటలు, సినిమా పాటలు. అందరికీ వచ్చిన వరసనే తీసుకుని దాని కింద కార్డ్స్ మార్చుకున్నారు. మనకు సాలూరివారు ఉన్నారు, పెండ్యాల ఉన్నారు. ఈ ఆదివారం హెడ్‌ఫోన్ పీకేసి, అన్నిటికంటే చిన్న ఆంప్లిఫయర్‌ను హాల్లోకి తెచ్చుకోండి. ఏ పాట వాయించాలో ఆవిడనే అడగండి. పల్లవి మామూలుగా వాయించి, చరణంలో మీ ఇష్టం వచ్చిన కార్డ్స్ వేయండి. మధ్యలో ఆవిడ 'అది అలా కాదు' అంటే చెయ్యి ఆపి, ఎలాగో పాడి చూపించమనండి.